ఊపిరితిత్తుల మార్పిడి మాట వచ్చిన ఇంట్లో: చూసుకునేవాళ్లకి మనం ఏం చేయొచ్చు

సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్: ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే జన్యువ్యాధి) ఉన్న ఇంటికి ఫోన్ చేసి "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి" అని పెట్టేసేవాళ్లు చాలామంది. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాటతో కేర్‌గివర్‌కి ఇంకో పని పెరుగుతుంది. ఏం కావాలో ఆలోచించాలి, ఎవరికి ఏది చెప్పొచ్చో లెక్కేసుకోవాలి, ఆ తర్వాత నోరు తెరిచి అడగాలి. లంగ్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి తర్జనభర్జన పడుతున్న ఇంట్లో అంత తీరిక ఎవరికీ ఉండదు. నిజంగా పనికొచ్చే సాయం ఒకటే: ఏదో ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ గుర్తుచేయించుకోకుండా, మీ మీద వేసుకోవడం. ఆ పనులు ఏమిటో, వాటిలో ఎక్కడ తప్పులు జరుగుతాయో చెప్పడానికే ఈ పోస్టు. ఎక్కువగా అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఇన్సూరెన్సు, ఉద్యోగం, వీసా, ఆస్పత్రి, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఊపిరాడనివ్వనిది అక్కడే. హైదరాబాద్, చెన్నైల సంగతి చివర్లో కొంచెం ఉంది.

ముందు ఒక ప్రశ్న. ఇది కేర్‌గివర్‌కి వినీ వినీ విసుగొచ్చిన ప్రశ్న: "ఇప్పుడు ట్రైకాఫ్టా వచ్చింది కదా, ఇంకా మార్పిడి దేనికి?" జవాబు మీరు తెలుసుకుంటే వాళ్లు ఇంకోసారి చెప్పే బాధ తప్పుతుంది. ట్రైకాఫ్టా అనే సీఎఫ్ మందుకి 2019 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత అక్కడ సీఎఫ్ కోసం జరిగే మార్పిడులు బాగా తగ్గాయి, నిజమే. కానీ ఆ మందు ప్రధానంగా ఎఫ్508డెల్ అనే జన్యుమార్పు కనీసం ఒక కాపీ ఉన్నవాళ్ల కోసం తయారైంది. తర్వాత ఇంకొన్ని మార్పులు జాబితాలో చేరాయి. దక్షిణాసియా మూలాలున్నవాళ్లలో ఎఫ్508డెల్ పాళ్లు యూరప్ మూలాలవాళ్లకంటే తక్కువ. కాబట్టి మన కుటుంబాల్లో ఆ మందు పనిచేయనివాళ్లు ఎక్కువగా తగులుతారు. మందు పనిచేసినా, అప్పటికే మచ్చలుపడి పాడైన ఊపిరితిత్తి వెనక్కి రాదు.

మార్పిడి మాట ఎప్పుడు ఎత్తాలన్నదానికి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. ఎఫ్‌ఈవీ1 అంటే ఒక్క సెకనులో ఎంత గాలి బయటికి ఊదగలరో చెప్పే కొలత. అది ఉండాల్సినదానిలో 50 శాతం కంటే దిగితే మాట మొదలుపెట్టాలి. 18 దాటినవాళ్లకైతే, 50 లోపు ఉండి, 12 నెలల్లో అప్పుడున్నదానిలో 20 శాతానికి మించి పడిపోతే ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కి పంపాలి. 40 లోపు ఉండి, తోడుగా ఇంకో ప్రమాద సూచన ఉన్నా పంపాలి. ఆ సూచనల్లో కొన్ని: ఆరు నిమిషాల నడకలో 400 మీటర్లు దాటకపోవడం, బీఎంఐ 18 కంటే తగ్గడం, ఏడాదిలో రెండుసార్లకి మించి ఐవీ యాంటీబయాటిక్స్ అవసరమయ్యేంత ఇన్‌ఫెక్షన్, ఒక్కసారిగా 240 మిల్లీలీటర్లకి మించి రక్తం దగ్గడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంచించుకుపోవడం. ఎఫ్‌ఈవీ1 30 లోపైతే ఇంకే సూచన లేకపోయినా పంపాలి.

ఇక్కడ కేర్‌గివర్ చెవిన పడేది మాత్రం "ఇక చివరికొచ్చింది" అనే. నిజానికి పంపడం అంటే ఒప్పుకోవడం కాదు, ఊపిరితిత్తి కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టులో చేర్చడం కూడా కాదు. ముందుగా పంపితే సరిదిద్దుకోవడానికి టైం దొరుకుతుంది: బరువు పెంచడం, పళ్లు బాగుచేయించడం, షుగర్ అదుపు, కఫం కల్చర్లో ఏ క్రిములున్నాయో చూసుకోవడం. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు మొదటిసారి ఆ మాట వినడం అన్నిటికంటే అన్యాయం. బర్ఖొల్డేరియా సెనోసెపేసియా ఉంటే చాలా సెంటర్లు తీసుకోవు, మైకోబ్యాక్టీరియం అబ్‌సెసస్ ఉంటే వెనకాడతాయి. ఒక సెంటర్ కాదంటే అదే తుది మాట అనుకోకూడదు. ఆ క్రిములతో అనుభవమున్న వేరే సెంటర్‌ని అడగాలి. రికార్డులు తెప్పించడం, సీడీలు పంపడం, ఫ్యాక్స్ అందిందో లేదో మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కోవడం దూరాన ఉన్న అన్నయ్యో పిన్ని కూతురో ఇంట్లో కూర్చుని చేయగల పని. పేషెంట్ సంతకం చేసిన అనుమతి పత్రం ఒకటి ముందే ఆస్పత్రిలో ఉండాలి. 18 ఏళ్లు దాటినవాళ్ల విషయంలో అది లేకపోతే కన్నతల్లికైనా ఫోన్లో ఏమీ చెప్పరు.

పరీక్షలు సాధారణంగా కొన్ని రోజులు సాగుతాయి. సీటీ, ఎకో, గుండె కుడివైపు క్యాథటర్, ఎముకల సాంద్రత, ఆహారనాళంలో యాసిడ్ వెనక్కి వస్తోందా, టీకాలు, మానసిక నిపుణులు, సోషల్ వర్కర్, ఫైనాన్షియల్ కోఆర్డినేటర్. డాక్టర్లు చెప్పేది రాసుకోవడానికి ఒక మనిషి విడిగా వెళ్లాలి. కేర్‌గివర్ పక్కన కూర్చుని వినాలే తప్ప పెన్ను పట్టుకోకూడదు. రెండూ ఒకేసారి చేసేవాళ్లకి సాయంత్రానికి ఏదీ గుర్తుండదు. సోషల్ వర్కర్‌తో పేషెంట్ లేకుండా కేర్‌గివర్‌కి విడిగా అరగంట అడగండి. పేషెంట్ ముందు అడగలేని ప్రశ్నలుంటాయి: ఎంతకాలం బతుకుతారు, డబ్బు సరిపోకపోతే ఏమిటి, నాకే ఏమైనా అయితే ఎవరు? మార్పిడి తర్వాత పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మొదటి ఏడాది దాటుతున్నారు, ఐదేళ్లు దాటేవాళ్లు ఆరుగురికి అటూ ఇటూ. దీర్ఘకాలిక రిజెక్షన్ (ఒంటి ఇమ్యూనిటీ కొత్త ఊపిరితిత్తిని ఒప్పుకోకపోవడం) అనే సమస్య ఐదేళ్లలో సుమారు సగంమందిని పట్టుకుంటుంది. ఈ లెక్కలు ఎంతవరకు వినాలో కేర్‌గివరే తేల్చుకోవాలి. బంధువులు గూగుల్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

సెంటర్ తప్పకుండా అడిగేది కేర్‌గివర్ ప్లాన్. ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో రెండు నుంచి నాలుగు వారాలు, ఆ తర్వాత దాదాపు మూడు నెలలు సెంటర్ దగ్గర్లోనే ఇల్లు తీసుకుని, 24 గంటలూ ఒకరు తోడుండాలి. వాళ్లకి జ్వరమొస్తే ఆ చోట్లో నిలబడే రెండో మనిషి పేరు కూడా రాసివ్వాలి. ఈ ప్లాన్ గట్టిగా లేకపోతే లిస్టులో చేర్చడమే ఆగిపోవచ్చు. మన ఇళ్లలో దీనికి జవాబు "అమ్మ వస్తుంది" అని. అమ్మ వస్తుంది, సంతోషమే. కానీ గుంటూరు నుంచి వచ్చిన అమ్మ ఫ్రీవేలో కారు నడపదు, ఫార్మసీ ఫోన్ మెనూలో నంబర్లు నొక్కుతూ నలభై నిమిషాలు ఉండలేదు. ఛాతీ కోసిన పేషెంటేమో కొన్ని వారాలు డ్రైవ్ చేయకూడదు, బరువులు ఎత్తకూడదు. కాబట్టి "కేర్‌గివర్" అనే ఒక్క పేరుని ముక్కలు చేసి రాసుకోవాలి. రాత్రి పక్కన పడుకునేది ఎవరు, కారు నడిపేది ఎవరు, మందుల డబ్బా నింపేది ఎవరు, దాన్ని రెండోసారి సరిచూసేది ఎవరు, ఇన్సూరెన్సుతో మాట్లాడేది ఎవరు, ఇంటి దగ్గర పిల్లల్ని స్కూలుకి పంపేది ఎవరు. ఒక్కో గడిలో ఒక పేరు, కింద దానికి బదులు ఇంకో పేరు. ఎవరి పేరైనా నాలుగు గడుల్లో కనిపిస్తే ఆ ప్లాన్ కాగితం మీదే కూలినట్టు.

వీసా విషయంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. లిస్టులో పేరెక్కగానే అమ్మానాన్నలను పిలిపిస్తారు. బీ2 విజిటర్ వీసా మీద సాధారణంగా ఇచ్చేది ఆరు నెలలు. ఊపిరితిత్తి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఎదురుచూపుల్లోనే ఐదు నెలలు గడిచి, కాల్ వచ్చేసరికి వాళ్లు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుతూ ఉంటారు. వీసా స్టాంపింగ్ ముందే చేయించి పాస్‌పోర్టుతో సిద్ధంగా ఉంచి, ప్రయాణం మాత్రం కాల్ వచ్చాకే పెట్టుకోవడం మేలు. మొదటి రెండు మూడు వారాలు పేషెంట్ ఆస్పత్రిలోనే ఉంటారు కాబట్టి, వాళ్లు వచ్చే వరకు ఇక్కడున్న స్నేహితులు సర్దుకోగలరు.

సెలవు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ చట్టం కింద 12 నెలల్లో 12 వారాల జీతం లేని సెలవు దొరుకుతుంది. అందుకు ఆ కంపెనీలో కనీసం ఏడాది పనిచేసి ఉండాలి, గత 12 నెలల్లో 1,250 గంటలు పూర్తిచేసి ఉండాలి, 75 మైళ్ల పరిధిలో 50 మంది ఉద్యోగులుండాలి. చూసుకోవాల్సింది భార్యని, భర్తని, తల్లిదండ్రులని అయితే వర్తిస్తుంది. పెద్దయిన కొడుకు, కూతురు అయితే తమ పనులు తాము చేసుకోలేని స్థితి ఉండాలి. అన్నదమ్ములని, అక్కచెల్లెళ్లని, అత్తమామలని చూసుకోవడానికి ఈ చట్టం వర్తించదు. మన కుటుంబాల్లో తమ్ముడే ముందుకొస్తాడు కాబట్టి ఈ ముక్క చివర్లో తెలిస్తే దెబ్బ తగులుతుంది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో జీతంలో కొంత భాగం వచ్చే కుటుంబ సెలవు తోబుట్టువులకీ వర్తిస్తుంది, అక్కడి నియమాలు చూడండి. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ సెలవుని ముక్కలుగా వాడుకోవచ్చు. పరీక్షల వారంలో మొత్తం ఖర్చుపెట్టేయకండి. ఇన్సూరెన్సు హెచ్1బీ ఉద్యోగం మీద ఆధారపడి ఉంటే ఇంకో లెక్క ఉంది. ఉద్యోగం పోతే కోబ్రా కింద అదే ఇన్సూరెన్సుని సొంత డబ్బుతో 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, కానీ దేశంలో ఉండడానికి ఇచ్చే గడువు 60 రోజుల వరకే. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడించడం, ఆ ఫీజు కట్టడం స్నేహితుల బృందం ఇవ్వగల అసలైన బహుమతి. పూలబొకేలు అసలు వద్దు. పూలకుండీల మట్టిలో, వాజుల నీళ్లలో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి.

ఇక రోజూ చేయాల్సిన పని. బయటివాళ్లకి దీని బరువు తెలియదు కాబట్టి ఒక ఉదయం ఎలా గడుస్తుందో చూడండి. ముందు ఊపిరి గొట్టాలు తెరుచుకోవడానికి ఆల్‌బ్యుటెరాల్. తర్వాత 7 శాతం ఉప్పునీరు 4 మిల్లీలీటర్లు నెబ్యులైజర్లో, కఫం పలచబడ్డానికి. డోర్నేస్ 2.5 మిల్లీగ్రాములు, ఇది ఫ్రిజ్‌లో ఉండాలి, వేరే మందుతో ఒకే కప్పులో కలపకూడదు. కఫం కదలడానికి ఛాతీని అదిలించే వెస్ట్ తొడుక్కుని 20 నుంచి 30 నిమిషాలు, మధ్యమధ్యలో ఆపి బలంగా ఊది దగ్గాలి. కఫం బయటికొచ్చాకే టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ 300 మిల్లీగ్రాములు. ముందే పీలిస్తే మందు కఫం మీద పడి వృథా అవుతుంది. సాయంత్రం ఇందులో చాలావరకు మళ్లీ. ఇవన్నీ అయ్యాక నెబ్యులైజర్ కప్పులు: ప్రతిసారీ సబ్బునీళ్లతో కడగాలి, తయారుచేసినవాళ్లు ఒప్పుకునే రకమైతే నీళ్లలో 5 నిమిషాలు మరిగించాలి లేదా బేబీ బాటిళ్ల స్టీమ్ స్టెరిలైజర్లో పెట్టాలి, శుభ్రమైన పేపర్ టవల్ మీద గాలికి ఆరనివ్వాలి. వెనిగర్ సరిపోదు. మరిగించాక కుళాయి నీళ్లతో కడిగితే చేసిందంతా దండగ, ఆ నీళ్లలోనే సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. వారంలో మూడు సాయంత్రాలు వచ్చి ఈ కప్పుల పని ఒక్కటే చేసిపెట్టే స్నేహితురాలు, కూర డబ్బాలు తెచ్చే నలుగురికంటే ఎక్కువ మేలు చేస్తుంది. అన్నట్టు, ఇంట్లో సీఎఫ్ ఉన్నవాళ్లు ఇద్దరుంటే పరికరాలు వేరువేరుగా ఉండాల్సిందే. బయటి సీఎఫ్ పేషెంట్‌తో కనీసం 6 అడుగుల దూరం పాటించాలి. అందుకే పేషెంట్ల సమావేశాలు ఆన్‌లైన్లోనే. కేర్‌గివర్లు మాత్రం ఒకరినొకరు కలుసుకోవచ్చు, కలుసుకునేలా చేయండి.

లిస్టులో చేరాక ఎదురుచూపు. సీఎఫ్‌లో రెండు ఊపిరితిత్తులూ మార్చాలి. ఒకటి ఉంచేస్తే దానిలోని ఇన్‌ఫెక్షన్ కొత్తదాన్ని పట్టుకుంటుంది. దాత నుంచి తీసిన ఊపిరితిత్తిని మామూలుగా ఆరు గంటల్లోపే అమర్చాలని చూస్తారు, అందుకే ఫోన్ మోగితే ఎత్తాలి, చెప్పిన టైంలో చేరాలి. తెలియని నంబర్లని సైలెంట్ చేసే సెట్టింగ్ తీసేయండి. ఆ కాల్ తెలియని నంబర్ నుంచే రావచ్చు. వెళ్లాక ఊపిరితిత్తి పనికిరాదని తేలి వెనక్కి పంపేయడం మామూలే, ఒకటికంటే ఎక్కువసార్లు కూడా జరుగుతుంది. ఆ రాత్రి ఇంటికొచ్చినప్పుడు "అయ్యో, ఏమైంది" అని ఇరవైమంది అడగకుండా, సమాచారం ఒక్క మనిషి ద్వారానే బయటికి పోయేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ మనిషి కేర్‌గివర్ కాకూడదు.

ఆపరేషన్ అయ్యాక సీఎఫ్ పోయిందనుకునేవాళ్లు ఉన్నారు. కొత్త ఊపిరితిత్తుల్లో సీఎఫ్ ఉండదు. సైనస్‌లు, పాంక్రియాస్, పేగులు, చెమట గ్రంథులు మాత్రం పాతవే. తిండితో వేసుకునే అరుగుదల ఎంజైములు మానకూడదు. నొప్పి మందుల వల్ల, నీళ్లు తక్కువ తాగడం వల్ల పేగులు మూసుకుపోయే ప్రమాదం సీఎఫ్ వాళ్లకి ఎక్కువ. కడుపు ఉబ్బి, విరేచనం ఆగి, వాంతులవుతుంటే రేపటిదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. రిజెక్షన్ రాకుండా ఇచ్చే ప్రెడ్నిసోన్, టాక్రోలిమస్ రెండూ షుగర్ పెంచుతాయి.

టాక్రోలిమస్ దగ్గర జరిగే తప్పుల గురించి వివరంగా చెప్పుకోవాలి. రోజుకి రెండుసార్లు వేసుకునే రకం సరిగ్గా 12 గంటల తేడాతో వేసుకోవాలి. రక్తపరీక్ష ఉన్న రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. అలవాటుగా ముందే వేసుకుంటే లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది, డాక్టర్ డోసు తగ్గిస్తారు, అసలు లెవెల్ పడిపోయి రిజెక్షన్‌కి దారి తీస్తుంది. ముందు రోజు రాత్రే ఆ గడి మీద ఎర్ర స్టిక్కర్ అంటించండి. వోరికొనజోల్ లాంటి ఫంగస్ మందు మొదలుపెడితే లెవెల్ బాగా పెరుగుతుంది, ఆపితే పడిపోతుంది. కాబట్టి వేరే డాక్టర్ ఏ మందు రాసినా, ఆపినా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి చెప్పాకే. ఐబుప్రోఫెన్ వద్దు, కిడ్నీలకి చేటు. గ్రేప్‌ఫ్రూట్ వద్దంటారు, మనవాళ్లకి మాత్రం పంపరపనస కూడా వద్దని విడిగా చెప్పాలి. తిప్పతీగ, అశ్వగంధ, ఇమ్యూనిటీ పెంచే కషాయం లాంటివి సూట్‌కేసులో తెచ్చే పెద్దవాళ్లకి ఓపిగ్గా వివరించాలి: ఇక్కడ మందులతో కావాలని తగ్గిస్తున్నదే ఆ ఇమ్యూనిటీని. అది పెరిగితే కొత్త ఊపిరితిత్తినే శత్రువనుకుంటుంది. ఈ మాట కోడలు చెబితే గొడవవుతుంది. ఫోన్లో ఒక తెలుగు డాక్టర్‌తో "అమ్మా, ఇవి వద్దమ్మా" అని చెప్పించండి, అక్కడితో ఆగిపోతుంది.

ఇంట్లో సాంబ్రాణి, అగరబత్తి ఆపాలి. తులసికోట మట్టి పని వేరేవాళ్లు చూడాలి, పావురాలకి గింజలు వేసే బాల్కనీ వద్దు. కోసి అమ్మే పళ్లు, బయటి పచ్చళ్లు, పానీపూరి, నిన్నటి కూర పక్కనపెట్టాలి. ఇంటి పెరుగు, ఊరగాయల విషయం ఒక్కో సెంటర్ ఒక్కోలా చెబుతుంది, డైటీషియన్‌ని అడగండి. ప్రతి ఉదయం బరువు, బీపీ, టెంపరేచర్, ఇంట్లోని స్పైరోమీటర్ రీడింగ్ నోట్‌బుక్కులో రాయాలి. 100.4 డిగ్రీల జ్వరం గానీ, ఎఫ్‌ఈవీ1లో 10 శాతం తగ్గుదల గానీ కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలి. చూసి పోదామని వచ్చేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపే పని ఎవరైనా ఒక మొండి మనిషికి అప్పగించండి.

హైదరాబాద్, చెన్నైల్లో మార్పిడికి వెళ్లేవాళ్లకి పైన చెప్పిన మందుల సంగతులన్నీ అలాగే వర్తిస్తాయి. తెలంగాణలో పేరు నమోదు ఆస్పత్రి ద్వారా జీవన్‌దాన్‌లో, తమిళనాడులో ట్రాన్స్‌టాన్‌లో జరుగుతుంది; ఇవి ఆ రాష్ట్రాల అవయవదాన సంస్థలు. 2023లో కేంద్రం స్థానిక నివాస నిబంధన తీసేయమని రాష్ట్రాలకి చెప్పింది, కాబట్టి ఆంధ్ర పేషెంట్ ఎక్కడ నమోదు చేసుకోవచ్చో సూటిగా అడగండి. ఆస్పత్రికి దగ్గర్లో కొన్ని నెలలకి అద్దె ఇల్లు వెతకడం బంధువుల పని. చుట్టుపక్కల కట్టడాలు జరుగుతుంటే ఆ ఇల్లు వద్దు, ఆ దుమ్ములో ఆస్పెర్‌జిల్లస్ బూజు ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే పల్స్ పోలియో చుక్కల రోజుకి ముందే డాక్టర్‌ని అడగాలి. ఆ చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్, ఇమ్యూనిటీ తగ్గించిన మనిషి ఉన్న ఇంట్లో దాని బదులు ఇంజెక్షన్ వేయించాల్సి రావచ్చు.

చివరికి పేషెంటే వద్దనొచ్చు. అమ్మ కావాలంటుంది, పాతికేళ్ల కూతురు వద్దంటుంది. నిర్ణయం కూతురిదే. అమ్మకి అప్పుడు కావాల్సింది వాదించే మనిషి కాదు, విడిగా కూర్చుని ఏడవనిచ్చే మనిషి. బాధ తగ్గించడం మీద పనిచేసే పాలియేటివ్ కేర్ బృందాన్ని మార్పిడికి సిద్ధపడేవాళ్లు కూడా పిలవొచ్చు, ఆయాసానికి, ఆందోళనకి వాళ్ల దగ్గర మందులున్నాయి. సీఎఫ్ మార్గదర్శకాల్లో సీఎఫ్ ఉన్న 17 ఏళ్ల వరకు పిల్లలున్న ఇంట్లో కనీసం ఒక కేర్‌గివర్‌ని ఏడాదికోసారి డిప్రెషన్, ఆందోళన పరీక్షలు చేయించుకుంటారా అని అడగాలని ఉంది. డిప్రెషన్‌కి వాడేది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం. మొత్తం స్కోరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాలి. చనిపోవాలన్న, తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా ఆ రోజే మాట్లాడాలి. అమెరికాలో 988, ఇండియాలో టెలీ మానస్ 14416 హెల్ప్‌లైన్లు ఎప్పుడైనా పలుకుతాయి. పెద్దవాళ్లని చూసుకుంటున్న భార్యలకి, తమ్ముళ్లకి ఈ కాగితం ఎవరూ ఇవ్వరు, మీరే గుర్తుచేయండి. వాళ్ల ఫ్లూ టీకా, ఆగిపోయిన బీపీ మాత్రలు, వాయిదాపడ్డ పంటి డాక్టర్ కూడా మీ లిస్టులో రాసుకోండి. అపాయింట్‌మెంట్ మీరే తీసుకుని, ఆ రెండు గంటలూ పేషెంట్ దగ్గర మీరు కూర్చోండి.